నడిమి మనిషి లేనప్పుడు

భూదేవి పిలిచింది. సిద్ధిరాములు వెనక్కి తిరగలేదు. ఆమె చావుకు ఇంకో కారణం లేదు.

ఇది బాలమల్లు మాట. ఎల్లారెడ్డిలో కామారెడ్డి రోడ్డు పక్కన ట్రాక్టర్లు బాగుచేసే రేకుల షెడ్డు అతనిది. భూదేవి అతని పెండ్లాం. సిద్ధిరాములు ఆమె తమ్ముడు. ఈ మాటను బాలమల్లు పెళ్లిళ్లలో చెప్పాడు, చావుల్లో చెప్పాడు, కులం పెద్దల ముందు నిలబడి చెప్పాడు, టీ కొట్టు దగ్గర అడగనివాడికి కూడా చెప్పాడు. ఎన్నిసార్లు చెప్పినా అది పెరగలేదు, తరగలేదు. పాతిన రాయిలా ఉన్నచోటే ఉంది.

జరిగింది ఇంతే. పోచారం ప్రాజెక్టు నిండి అలుగు దుంకిన ఏడు, బతుకమ్మకు అక్కను పుట్టింటికి తీసుకుపోవడానికి సిద్ధిరాములు స్కూటరు మీద వచ్చాడు. తమ్ముడు వచ్చి పిలిస్తే ఆడబిడ్డ ఆగదు. లింగంపేట ఇవతల వాగు రోడ్డు మీదుగా పారుతోంది. అప్పటికి అక్కడ వంతెన లేదు. నడి వాగులో స్కూటరు ఆగిపోయింది. తమ్ముడు హ్యాండిలు పట్టుకొని ముందు నడిచాడు. అక్క సీటు పట్టుకొని వెనక నడిచింది. ఒడ్డెక్కి చూస్తే స్కూటరు ఉంది, అక్క లేదు. మర్నాడు చాలా దిగువన, తుమ్మచెట్టు వేళ్లకు చిక్కి దొరికింది.

"అక్క పిలువలేదు బావా. పిలిస్తె తిరుగకపోదునా?" అన్నాడు సిద్ధిరాములు శవం ముందు కూర్చొని.

"నీళ్లల్ల పొయ్యే మనిషి పిలువకుంట ఉంటదార? పిలిచింది. నీ పానం నీకు తీపైంది, తిరుగలే," అన్నాడు బాలమల్లు.

అది జరిగినప్పుడు బాలమల్లు వాగు దగ్గర లేడు. ఎల్లారెడ్డిలో ఎవరిదో ట్రాక్టరు కింద వెల్లకిలా పడుకొని ఉన్నాడు. ఆ సంగతి అందరికీ తెలుసు. కానీ పెండ్లాం శవం ముందు కూర్చున్న మనిషిని, నువ్వెట్ల విన్నవని ఎవరడుగుతారు?

మాట ఊళ్లు తిరిగింది. సిద్ధిరాములుకు ఖాయమైన సంబంధం తప్పిపోయింది. తల్లి హన్మవ్వ కొడుకు చేతి నీళ్లు తాగడం మానేసింది. అక్క దినాలు పూర్తి కాకముందే అతను బొంబాయి పోయాడు. అక్కడినుంచి దుబాయి పోయాడు. పోయినందుకు కూడా బాలమల్లు ఒక మాట అన్నాడు. తప్పు లేనివాడు పారిపోడు అన్నాడు.

కొన్నేళ్లు గడిచాయి. వాగు మీద వంతెన కట్టారు.

ఎండాకాలం చివర ఒక పొద్దున, షెడ్డు ముందుకు ఒక ట్రాక్టరు ఎర్రటి కారును తాడు కట్టి లాక్కొచ్చింది. అలాంటి కారును ఎల్లారెడ్డి చూడలేదు. రెండే తలుపులు. కప్పలా నేలకు అణగి ఉంది. అద్దాలు నల్లగా ఉన్నాయి. స్టీరింగు ఎడమ పక్కన. జపానులో చేస్తే దుబాయిలో తిరిగి, ఓడెక్కి వచ్చింది. పందేలలో ఉరికే రకమట. పందెపు కారు ట్రాక్టరు వెనక తాడుకు వేలాడుతూ రావడం చూసి బస్టాండు దాకా జనం నవ్వారు.

కారు మజహర్‌ది. కామారెడ్డిలో బట్టల దుకాణం వాళ్ల కొడుకు. దుబాయి నుంచి ఈమధ్యే వచ్చాడు. ట్రాక్టరు మడ్‌గార్డు మీంచి కిందికి దూకి, ప్యాంటు దులుపుకున్నాడు.

"మల్లన్నా, దీని సంగతి జర చూడు. స్టీరింగుల నూనె నిలుస్తలేదు. పొద్దుగాల పోస్తె మాపటికి ఖతం. నూనె లేకుంటె తిప్పనీకి ఇద్దరు పహిల్వాన్లు కావాలె. కామారెడ్డిల చూపియ్యని షెడ్డు లేదు. లారీ తెలుసు, అంబాసిడర్ తెలుసు, ఇది తెల్వదు పో అంటరు."

"నాకూ తెల్వది."

"ట్రాక్టరు హైడ్రాలిక్కు తెలుసు గద. ఇది గూడ గసొంటిదే. నూనె జోరుకు చక్రాలు తిరుగుతయి. సీళ్లు పోయినయి, గంతే." మజహర్ జేబులోంచి ఒక పొట్లం తీశాడు. "సీళ్లు గూడ తెప్పిచ్చిన. మా లతీఫ్ సెలవు మీద వస్తుంటె ఖర్జూరం డబ్బాల పెట్టుకొచ్చిండు. ఆదివారం నా పెండ్లి మల్లన్నా. బరాత్ ఈ కారులనే పోవాలె."

"గుర్రం దొరుకలేదా?"

"గుర్రం మీద మా తాత గూడ పోయిండు. నాకు కారు కావాలె."

బాలమల్లు నేల మీద గోనెసంచి పరుచుకొని కారు కిందికి దూరాడు. ముందు చక్రాల మధ్య అడ్డంగా ఒక ఇనుప గొట్టం. దాని రెండు కొనల్లోంచి బయటికి వచ్చే రాడ్డు చక్రాలను ఇటూ అటూ నెడుతుంది. కొనల మీద ముడతలు ముడతలుగా రబ్బరు బూట్లు. ఎడమ బూటును పిసికాడు. లోపల నిలిచిన నూనె మోచేతి దాకా కారింది. ఇంత దూరం వచ్చాక తెలియనిదేమీ లేదు. గొట్టం కొనల్లో నూనె ఆపే రబ్బరు సీళ్లు చినిగాయి.

"ఐతది," అన్నాడు కిందినుంచే. "ఆదివారం లోపల ఇస్త."

మాట ఇచ్చాక జరిగి బయటికి వచ్చాడు. అప్పుడు నల్ల అద్దం వెనక తలుపు తెరుచుకుంది. స్టీరింగు దగ్గరినుంచి సిద్ధిరాములు దిగాడు. ఒళ్లు చేసింది. చెంపల దగ్గర వెంట్రుక నెరిసింది. నడకలో మాత్రం తేడా లేదు.

బాలమల్లు చేతులు తుడుచుకునే గుడ్డ కోసం చూశాడు. గుడ్డ అతని భుజం మీదే ఉంది.

"మా డ్రైవరే," అన్నాడు మజహర్, మెల్లగా. "ఆడ గూడ నాతోనే ఉండె. మీ ముచ్చట నాకు తెలుసు. కాని ఎడమ చేతి బండి ఈడ తిప్పెటోడు ఇంకోడు లేడు మల్లన్నా. బండి కాడ్నే ఉంటడు. తిట్టుకుంటరో కొట్టుకుంటరో, ఆదివారానికి నా కారు నాకియ్యండ్రి."

తిప్పి పంపేవాడే. కానీ భూదేవిని వెతకడానికి ఆనాడు వాగు వెంబడి తిరిగింది మజహర్ వాళ్ల నాయన జీపు. అడగకముందే పంపాడు ఆ పెద్దమనిషి. ఆ ఇంటి బండిని పని చెయ్యనని పంపడం బాలమల్లుకు చేతకాలేదు. ట్రాక్టరు మజహర్‌ను ఎక్కించుకొని పోయింది.

బాలమల్లు పక్క పందిరి వైపు తిరిగాడు.

"కిష్టయ్య కాకా! ఇటు రా. పనున్నది."

కిష్టయ్యది పంక్చరు దుకాణం. నీళ్ల తొట్టి, గాలి పంపు, సైకిలు ట్యూబుల దండ, అంతకు మించి ఆస్తి లేదు. కానీ ఊళ్లో మాటలు బందైన ఇళ్ల మధ్య తిరిగే నోరు అతనిది. ఆ వైపు మాటలు బంద్ అంటే బందే. ఒకే గోడకు అటూ ఇటూ ఉండే అన్నదమ్ములు కూడా, బర్రె తాడు తెంచుకుందని చెప్పాలంటే మూడో మనిషిని పిలుస్తారు. ఎదురుగా ఉన్నవాడి ముఖం చూడకూడదు. అతను లేనట్టే నడిమి మనిషితో చెప్పాలి. అతను విన్నా, విననట్టే ఉండాలి. నడిమి మనిషి మళ్లీ చెప్పాక అప్పుడు వినాలి. ఈ పద్ధతి తప్పినవాడిది ఓటమి కింద లెక్క.

కిష్టయ్య వచ్చాడు. ఇద్దరినీ చూశాడు. సంగతి అర్థమై, బోర్లించిన డబ్బా మీద దర్జాగా కూర్చున్నాడు.

"కానియ్యుండ్రి. ఎవలు ముందు?"

"వాన్ని అడుగు కాకా. దీంట్ల ఏం నూనె పోసిండో."

"ఏం నూనె పోసినవ్ర సిద్ధిరామూ, అంటుండు."

"బిరేకు ఆయిలని చెప్పు కాకా. కామారెడ్డిల నూనె ఖతమైనప్పుడు షెడ్డోళ్లు గదే పొయ్యుమన్నరు."

"బిరేకు ఆయిలట."

"బిరేకు ఆయిలు పోస్తె ఈ రబ్బరు ఉబ్బుతది. ఉబ్బి చినుగుతది. బర్రెకు తవుడని సున్నం పెట్టిండని చెప్పు."

"నిన్ను బర్రె అంటుండు బిడ్డా."

"బర్రె అనలే కాకా, ఇన్న నేను."

"ఇన్నవా? ఇనద్దు. నేను చెప్పినంకనే ఇనాలె. దుబాయిల నేర్పలేదా గీ ముచ్చట?"

సిద్ధిరాములు నవ్వబోయాడు. బాలమల్లు ముఖం చూసి ఆపుకున్నాడు.

పని మొదలైంది. ముందు చక్రాలు విప్పి, కారును మొద్దుల మీద నిలిపాడు. నూనె పైపులు విప్పితే మిగిలిన నూనె గిన్నెలోకి కారింది. కొత్తగా ఉన్నప్పుడు అది దానిమ్మ రసంలా ఎర్రగా ఉంటుందట. ఇప్పుడు బురద రంగులో ఉంది. చక్రాల కీళ్లు సుత్తితో కొట్టి వదులు చేశాడు. గొట్టాన్ని పక్కనుంచి జారుస్తూ బయటికి తీశాడు.

చేతులు పని చేస్తున్నాయి. మనసు మాత్రం వీపు వెనక ఉంది. సిద్ధిరాములు కూర్చున్నా తెలుస్తోంది, లేచినా తెలుస్తోంది. రోడ్డు దాకా పోతాడు, వస్తాడు, తలుపు దగ్గర నిలబడతాడు, చొక్కా గుండీ విప్పుతాడు, పెడతాడు. బాలమల్లు బిగించిన నట్టునే మళ్లీ విప్పాడు. చేతిలో ఉన్న పానా కోసం పెట్టెలో వెతికాడు. బీడీ నోట్లో పెట్టుకొని, ముట్టించకుండానే నమిలి పారేశాడు. కుదురుగా కూర్చొని చేసే పని అది. కుదురు లేదు.

మధ్యాహ్నం దాటాక సిద్ధిరాములు నోరు తెరిచాడు.

"కాకా, బావకు ఒక మాట చెప్పు. మా అవ్వ నాతోని మాట్లాడుతలేదు. ప్రతి వారం పోతున్న. వాకిట్ల మంచమేస్తది. వీపు తిప్పి కూసుంటది. నేను తెచ్చింది ముట్టది."

కిష్టయ్య గొంతు సవరించుకున్నాడు. "మల్లూ, హన్మవ్వ వానితోని..."

"సీళ్ల ముచ్చటైతె చెప్పుమను."

"సీళ్ల ముచ్చటైతె చెప్పాల్నట."

"సీళ్ల ముచ్చట కాదు. మల్లు అట్ల కాదంటె వాని చేతి బువ్వ తింట అని పక్కింటోళ్లతోని అంటుంది అవ్వ. బావ ఒక్క మాట అనాలె. నాకు తెల్వది, నేను ఆడ లేను, పిలిచిందో లేదో నేను ఇనలేదు, అని అంటె చాలు. నా తప్పు లేదని అనుమంటలేను. ఇనలేదని అంటె చాలు."

ఇన్నేళ్లకు కారు తోలుకొని వచ్చింది అందుకేనని అప్పుడు బాలమల్లుకు అర్థమైంది. స్టీరింగు ఎక్కడైనా బాగయ్యేది. హైదరాబాదులో షెడ్లు లేవా? మజహర్ చెవిలో ఎల్లారెడ్డి పేరు ఊదింది వీడే.

కిష్టయ్య ఆ మాటను యథాతథంగా చెప్పలేదు. కుదించి, "వాపస్ తీస్కొమ్మంటుండు," అన్నాడు.

"భూదేవి పిలిచింది," అన్నాడు బాలమల్లు, రాడ్డు తుడుస్తూ. "వాడు తిరుగలే. చెప్పు."

కిష్టయ్య చెప్పలేదు. చెప్పకపోయినా సిద్ధిరాములు ఈసారి విన్నాడు. లేచి రోడ్డు మీదికి పోయాడు. పొద్దుగూకేదాకా రాలేదు. అతను రాలేదని బాలమల్లు ఎన్నిసార్లు రోడ్డు వైపు చూశాడో, అన్నిసార్లు తనను తానే తిట్టుకున్నాడు.

మర్నాడు గొట్టం లోపలి సీళ్లు తీశాడు. పాత సీళ్లు ఉబ్బి, అంచులు చిరిగి, నానిన పప్పులా మెత్తగా ఉన్నాయి. రాడ్డు మీద ఒకచోట తుప్పు చుక్కలు. కొత్త సీలు ఆ చుక్కల మీద రాసుకుంటే మళ్లీ చినుగుతుంది. సన్నటి ఎమరీ కాగితానికి నూనె పూసి, గోరు తగిలినా గరుకు తెలియనంతవరకు రుద్దాడు. మొదటి సీలు తొందరలో తిరగేసి కొట్టాడు. అంచు ఎటు ఉండాలో తెలియని మనిషి కాదు. తప్పు తెలిసి, తీసి, మళ్లీ కొట్టాడు. సిద్ధిరాములు చూశాడు. ఏమీ అనలేదు. అనకపోవడం బాలమల్లుకు అన్నదానికంటే ఎక్కువ మండింది.

"చూసేదేమున్నదో అడుగు కాకా."

"ఏం చూస్తున్నవ్ర?"

"ఏం లేదని చెప్పు."

"ఏం లేదట. మల్లూ, మీ ఇద్దరి మధ్యల నా నోరు ఎండిపాయె. ఒక చాయ్ అన్న తాపియ్యుర."

గొట్టం మళ్లీ ఎక్కించాడు. పైపులు బిగించాడు. మజహర్ పంపిన కొత్త నూనె, ఎర్రటిది, పోశాడు. ఇక గాలి తియ్యాలి. నూనెలో గాలి ఉంటే స్టీరింగు ఏడుస్తుంది. ఒకరు పైన కూర్చొని స్టీరింగును ఈ కొస నుంచి ఆ కొసకు మెల్లగా తిప్పాలి. ఒకరు కింద పడుకొని సీళ్ల దగ్గర తడి వస్తోందో లేదో చూడాలి. ఇది ఒక్కడి పని కాదు.

సిద్ధిరాములు ఎక్కి కూర్చున్నాడు. బాలమల్లు కిందికి దూరాడు. కిష్టయ్య ఇద్దరికీ మధ్య, ముందు బానెట్టు పక్కన గొంతుకూర్చున్నాడు.

రబ్బరు బూట్లు ఇంకా తొడగలేదు. గొట్టం మీదికి మడిచి పెట్టాడు. సీలు కనపడాలి కదా. కనపడినా చీకట్లో తడి తెలియదు. ట్రాక్టరు పనిలో అతనికొక అలవాటు ఉంది. చూపుడు వేలు సీలు మూతి దగ్గర ఆనించి, రాడ్డు కదులుతుంటే తడిని వేలితో పట్టేవాడు. కళ్లకంటే వేలు నమ్మకం. కానీ ఈ రాడ్డు చివర ఇనుప గుండు ఉంది. రాడ్డు పూర్తిగా లోపలికి పోతే ఆ గుండు వచ్చి గొట్టం మూతికి తగులుతుంది. తగలకముందే ఆపించి, వేలు తియ్యాలి.

"తిప్పుమను."

"తిప్పుర."

రాడ్డు కదిలింది. గుండు దగ్గరికి వస్తోంది.

"ఆపుమను."

"ఆపుర."

ఆగింది. వేలు పొడిగా ఉంది. కుడి పక్క సీలు బాగుంది. ఎడమ పక్కకు జరిగాడు.

"ఇంజను పెట్టుమను. ఉత్తగ తిప్పితె ఎర్కైతలేదు. జోరు మీద చూడాలె."

"ఇంజను పెట్టుర."

ఇంజను మోగింది. ఇప్పుడు స్టీరింగును నూనె తిప్పుతుంది. పైన కూర్చున్నవాడి చేతికి బరువుండదు. కింద రాయి అడ్డుపడినా తెలియదు, కట్టె అడ్డుపడినా తెలియదు. బాలమల్లుకు ఆ సంగతి తెలుసు.

"తిప్పుమను. మెల్లగ."

"మెల్లగ తిప్పుర."

రాడ్డు లోపలికి రావడం మొదలైంది. సీలు మూతి దగ్గర వేలు పెట్టాడు. పొడి. ఇంకా పొడి. మనసు కొంచెం నెమ్మదించింది. రెండు రోజుల్లో అదే మొదటిసారి.

అప్పుడు పక్క పందిరి దగ్గర తొట్టి బోర్లపడ్డ చప్పుడు.

"ఓ కమలవ్వా! నీ మేక పాడుగాను! నా ట్యూబు తింటుంది! హేయ్! హేయ్!" కిష్టయ్య చెప్పులు టపటపమంటూ దూరమయ్యాయి.

అదే సమయానికి, మడిచి పెట్టిన బూటు జారింది. దాని బిగుతు మూతి వచ్చి వేలి మీద పడింది. వేలు రాడ్డుకు అతుక్కుంది. లాగాడు. రాలేదు. నూనె చేతికి పట్టు లేదు.

"ఆపుమను," అన్నాడు బాలమల్లు.

ఆపుమనడానికి ఎవరూ లేరు.

గుండు వస్తోంది. మెల్లగా తిప్పుమన్నాడు కాబట్టి మెల్లగానే వస్తోంది. రాకకూ తగలడానికీ మధ్య చాలినంత వ్యవధి ఉంది. ఒక్క కేక. ఆపురా అంటే చాలు. తెరిచిన తలుపులోంచి కిందికి దించిన సిద్ధిరాములు కాలు కనిపిస్తోంది. కారు రేకు మీద గుద్దితే చాలు. రెండో చెయ్యి ఖాళీగా ఉంది.

నోరు తెరిచాడు. వీనితోనా, అనుకున్నాడు. వీన్ని పిలవాలా? నోరు మూశాడు. పళ్లు బిగించాడు. గుండు వచ్చి తగిలింది. తగిలి ఆగలేదు. నూనె జోరు ఎముకను లెక్కపెట్టలేదు.

అతను చప్పుడు చెయ్యలేదు.

పైన సిద్ధిరాములు, కొస వచ్చిందనుకొని స్టీరింగును వెనక్కి తిప్పాడు. గుండు దూరమైంది. వేలు ఊడి వచ్చింది. ఇంజను ఆపి సిద్ధిరాములు దిగాడు. కారు కింద సిమెంటు మీద ఎర్రటి చుక్కలు పడుతున్నాయి. కొత్త నూనె ఎరుపే.

"ఇంక కారుతనే ఉన్నది," అన్నాడు, ఎవరితోనో అన్నట్టు. వంగి వేలితో అద్ది చూశాడు. నూనె జిడ్డుగా ఉంటుంది. ఇది జిగటగా ఉంది. వేడిగా ఉంది.

"బావా!"

మోకాళ్ల మీద పడి, గోనెసంచి పట్టి బాలమల్లును బయటికి లాగాడు. చూపుడు వేలు చివరి కణుపు లేదు. ఉన్నా అది వేలులా లేదు. బాలమల్లు భుజం మీది గుడ్డ తీసి, చుట్టి, పంటితో ముడి బిగించాడు. సిద్ధిరాములు ముట్టుకోబోతే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఒక్క మాట అంటె ఆపుదును గద! పిలువకపోతివేంది బావా? ఇంత దూరంల ఉన్న. ఇంజను చప్పుడున్నా ఇనపడకపోవునా? ఎందుకు పిలువలే?"

బాలమల్లు గోడ వైపు చూస్తున్నాడు.

సిద్ధిరాములు నేల మీద అలాగే కూర్చుండిపోయాడు. చేతులకు నెత్తురు, నూనె కలిసి అంటుకున్నాయి. వాటినే చూస్తూ అన్నాడు.

"అక్క గూడ గిట్లనే. పిలువలే."

మేకను తరిమి కిష్టయ్య అప్పుడే వచ్చాడు. గుడ్డ చూశాడు, నేల చూశాడు. "ఓరి దేవుడా," అని నోటి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "నేను మేక ఎంట పోతి. నువ్వు ఒర్రి పిలువకపోయినవా మల్లూ? మనిషన్నోడు ఒర్రడా?"

సిద్ధిరాములు లేచాడు.

"ఏదన్న బండి ఆపుత బావా, దవాఖానకు తీస్కపోత. కామారెడ్డికి పోదాం. పెద్ద డాక్టరున్నడు."

"కాకా," అన్నాడు బాలమల్లు. "సీలు కారుతలేదని చెప్పు. బూట్లు తొడిగి, క్లిప్పులు బిగిచ్చి, చక్రాలు ఎక్కిచ్చుకొమ్మను. పని అయిపోయింది."

లేచి, గుడ్డ చుట్టిన చెయ్యి గుండెకు ఆనించుకొని, ఎల్లారెడ్డి సర్కారు దవాఖానకు నడుస్తూ పోయాడు. కిష్టయ్య వెనక నడిచాడు. బాలమల్లు మాట్లాడుకుంటున్నది లోపలే. నీళ్లలో పోవడం వేరు, పంతానికి పోవడం వేరు, అని తనకు తాను చెప్పుకున్నాడు. తనది పంతం. భూదేవికి తమ్ముడి మీద పంతమెందుకుంటుంది? పిలిచే ఉంటుంది. పిలిచింది.

డాక్టరు కత్తిరించి కుట్లు వేస్తుంటే భూదేవి కళ్ల ముందుకు వచ్చింది, రమ్మనకుండానే. ఒకసారి ఆమెకు తేలు కుట్టింది. అరవలేదు. పొయ్యి మీది అన్నం వార్చి, కూర దించి, అతని ముందు కంచం పెట్టి, అతను తిన్నాక చెప్పింది, కాలు చూపించి. ఎందుకు చెప్పలేదే అంటే, తింటున్నవు గద అన్నది. నొప్పికి నోరు తెరిచే మనిషి కాదు. ఆ సంగతి ఆమెతో కాపురం చేసిన తనకు తప్ప ఇంకొకరికి తెలియదు. అన్నేళ్లూ తెలిసే ఉంది. తెలిసీ చెప్పాడు.

"ఎట్లయింది?" అన్నాడు డాక్టరు.

బాలమల్లు ఇంకోవైపు చూశాడు.

బూట్లు తొడిగి చక్రాలు ఎక్కించాక, ఆ కారు తోలబుద్ధి కాక సిద్ధిరాములు బస్సెక్కి కామారెడ్డి పోయాడు. ఆదివారం పొద్దున్నే మజహర్ వాళ్ల నాయన అతన్ని మళ్లీ బస్సులో పంపాడు, కారు తెమ్మని. కామారెడ్డిలో పెళ్లివాళ్లు పూలు పట్టుకొని కూర్చున్నారట. సిద్ధిరాములు ఎక్కి కూర్చొని ఇంజను పెట్టాడు. చక్రాలు నిలబడ్డచోటే అటూ ఇటూ తిప్పాడు. చప్పుడు లేదు. కారు కింద నేల పొడిగా ఉంది. రోడ్డు మీదికి తీసి, ఆపాడు. అద్దం దించి, ముందుకే చూస్తూ కూర్చున్నాడు. పోవడం లేదు.

బాలమల్లు షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు. తెల్ల గుడ్డ చుట్టిన చెయ్యి మెడకు వేలాడుతోంది. కిష్టయ్య కారు దగ్గరికి పోయి, తల లోపలికి పెట్టి విన్నాడు. తిరిగి వచ్చాడు.

"మల్లూ, వాడు ఇప్పుడు లింగంపేట మీదికెల్లి పోతడు. దారిల హన్మవ్వ ఇంటి ముందు ఆగుతడట. ముసలిదానికి ఏం చెప్పాల్నని అడుగుతుండు."

బాలమల్లు మెడకు కట్టిన గుడ్డ సర్దుకున్నాడు.

"నీ వేలు చూసినోన్ని నేను. వాడు ఒక్క మాట అడుగుతుండు, గంతే. పిలిచిందని చెప్పుమంటవా, పిలువలేదని చెప్పుమంటవా?"

కారు ఇంజను నడుస్తూనే ఉంది. సిద్ధిరాములు ఇటు చూడలేదు. పద్ధతి ప్రకారం విననట్టే ఉన్నాడు. రెండు చేతులూ స్టీరింగు మీద ఉన్నాయి.

"ఆ ముచ్చట ఇగ నా నోట రాదు కాకా," అన్నాడు బాలమల్లు. "పిలిచిందని రాదు, పిలువలేదని రాదు. వానికి చెప్పు, హన్మవ్వకు చెప్పు, అడిగినోనికల్ల చెప్పు. నన్ను ఎవలూ అడుగద్దు. నువ్వు గూడ అడుగద్దు. అడిగిననాడు నీతోని గూడ మాటలు బంద్."